అడుగుజాడ చదివే కొలువు

నల్లమల అడవిలో ఒక చెంచు పెంట. పెంట అంటే చెంచుల చిన్న ఊరు. ఆ పెంటలో ఇరవై ఇళ్లు. పొద్దుగూకిన తర్వాత ఒక ఇంటి అరుగు మీద రాత్రి బడి నడుస్తుంది. పదిమంది ఆడవాళ్లు వస్తారు. కొందరి ఒళ్లో పిల్లలుంటారు.

ఆ బడిలో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారు. కోడలు గురుకులంలో ఉండి ఇంటర్ పాసైంది. బడిలో చదువు చెప్పేది ఆమే. నలభై ఏళ్లు దాటాక పలక పట్టింది అత్త. కోడలి దగ్గర చదువుకోవడానికి మొదట సిగ్గుపడింది. ఇప్పుడు సిగ్గు పోయింది.

అత్త పగలు అటవీశాఖ పనికి పోతుంది. రోజుకూలి. గడ్డి పెరిగే చోట ముళ్లకంప కొట్టాలి. ఎండాకాలం రాకముందే దారుల పక్క ఆకులు ఊడ్చాలి. మామ బేస్ క్యాంపులో వాచర్. అడవి లోపల గుడిసె లాంటి క్యాంపులో తోటివాళ్లతో ఉంటాడు. రోజూ నడుస్తాడు.

ఒక రోజు అత్త కోపంగా ఇల్లు చేరింది. ఆ నెల ఆమె ఇరవై రెండు రోజులు పని చేసింది. చిట్టాలో పంతొమ్మిది రోజులే ఉన్నాయి. మూడు రోజుల కూలి రాలేదు.

"నేనే ఏలిముద్ర ఏసిన. కాయితంల ఏమున్నదో నాకేమెరుక?" అన్నది అత్త.

కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వేరే సంగతి అడిగింది.

"అత్తా, పొద్దుగాల వాగు కాడ అడుగుజాడ చూసినవట గదా. ఏం జంతువది?"

"పెద్దపులి. ఆడది."

"ఎట్ల చెప్తవ్?"

"మగదాని ఎనకకాలి జాడ నాలుగు దిక్కులా సమంగ ఉంటది. ఆడదాని జాడ కొంచెం పొడుగు. రాత్రి చినుకులు పడ్డయి గద, చినుకు గుంటల మీద అడుగు పడ్డది. అంటే వాన ఎలిసినంకనే పోయింది. నీళ్లు తాగి కొండెక్కింది."

"చూసినవా! మట్టిని చదువుతున్నవ్. కాయితం దీనికన్నా కష్టమా అత్తా?"

అత్త నవ్వింది. పలక తీసింది.

అత్తకు ఈ విద్య ఎక్కడిది? ఆమె తండ్రి, తాత వేటగాళ్లు. చెంచులకు విల్లంబులు పుట్టుకతో వచ్చిన పనిముట్లు. ఆడవాళ్ల చేతిలో తవ్వుకర్ర ఉండేది. గడ్డలు తవ్వి, కాయలు ఏరి ఇల్లు నడిపేవారు. నిజం చెప్పాలంటే చెంచుల ఇళ్లలో పొయ్యి ఎక్కువ రోజులు వెలిగింది ఆ తవ్వుకర్ర మీదే. వేట దొరికిన రోజు దొరికేది, లేని రోజు లేదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని కథ. అందుకే చెంచులు స్వామిని బావ అంటారు. సంక్రాంతి తర్వాత అక్కడ పారువేట ఉత్సవం జరుగుతుంది. స్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంది.

రాజులకు కూడా వేట మీద మోజు. నిజాం పాలనలో అమ్రాబాద్ గుట్టల మీద, ఫరహాబాద్ దగ్గర వేట విడిది ఉండేది. అలాంటి వేట అడవిని షికార్‌గా అనేవారు. రాజులు, దొరల వేట ఎక్కడైనా అడవి తెలిసిన పేదల మీదే నడిచేది. జంతువు జాడ చూపాలి. డప్పులు కొట్టి మంచె వైపు తోలాలి. తుపాకి దొరది, పేరు దొరది. కాళ్లు మాత్రం పేదవాడివి.

ఇంగ్లండు, అమెరికా లాంటి దేశాల్లో ఇప్పటికీ కొన్ని జంతువులను వేటాడవచ్చు. ఆ వేట భూములను చూసుకోవడం అక్కడ ఒక ఉద్యోగం. గడ్డి పెంచడం, నీళ్లు చూడడం, జంతువులను లెక్కపెట్టడం వాళ్ల పని. చూస్తే అత్త చేసే పనే! చివర్లో అక్కడ తుపాకి ఉంటుంది. ఇక్కడ ఉండదు.

ఇక్కడ ఎందుకు ఉండదు? 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పులి, చిరుత లాంటి జంతువులను చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 1973లో పులుల కోసం కేంద్ర ప్రభుత్వం ఒక పెద్ద పథకం పెట్టింది. నల్లమల 1978లో అభయారణ్యం అయింది. 1983లో పులుల రిజర్వు అయింది. 2014లో రాష్ట్రం రెండయింది. అప్పుడు అడవి కూడా పంచారు. కృష్ణకు ఉత్తరాన ఉన్నది తెలంగాణలోని అమ్రాబాద్ పులుల రిజర్వు. దక్షిణాన ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రిజర్వు. పులికి ఈ పంపకం తెలియదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. తేనె, బంక, కుంకుళ్లు లాంటివి ఏరుకుని అమ్ముకునే హక్కు అడవి బిడ్డలకు ఉందని ఆ చట్టం చెప్పింది. వేట హక్కు మాత్రం ఇవ్వలేదు. రిజర్వు నడుమ ఉన్న పెంటలను బయటికి పంపాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ ఇంటివాళ్లు ఇష్టపడాలి. బలవంతం పనికిరాదు. ఇలాంటి కాయితాలు పెంటకు వస్తాయి. వాటి మీద వేలిముద్ర పడిందంటే ఒప్పుకున్నట్టే లెక్క.

వేలిముద్ర మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఏ ఇద్దరి వేలిముద్రలూ ఒకటిగా ఉండవు. పులి చారలు కూడా అంతే. ఏ పులి చారలు దానివే. కుడిపక్క చారలు వేరు, ఎడమపక్క చారలు వేరు. అందుకే అడవి బాటకు రెండు పక్కలా ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. జంతువు దగ్గరికి రాగానే కెమెరా దానంతట అదే ఫోటో తీస్తుంది. ఆ ఫోటోల్లో చారలు పోల్చి పులులను లెక్కపెడతారు. వెనకటి రోజుల్లో అడుగుజాడలు చూసి లెక్కపెట్టేవారు. ఇప్పుడు లెక్క కెమెరాది. కానీ కెమెరా ఏ చెట్టుకు కట్టాలి? పులి ఏ దారిన తిరుగుతుంది? అది చెప్పేది మామ లాంటివాళ్లే.

దేశంలో 1972లో లెక్కపెడితే 1,827 పులులు అన్నారు. కెమెరాలతో కొత్త పద్ధతిలో లెక్కపెట్టిన 2006లో 1,411 అని తేలింది. 2022 నాటికి 3,682 అయ్యాయి.

పులి పెరగాలంటే ఏం కావాలి? మాంసం కావాలి. ఒక పెద్దపులికి ఏడాదికి సుమారు 50 దుప్పుల లాంటి జంతువులు కావాలి. అంటే వారానికి ఒకటి. పది దుప్పుల్లో ఒకటి పులికి పోయినా మంద తరగదు. అంటే ఒక పులి వెనుక 500 జంతువుల మంద ఉండాలి. ఆ మంద బతకాలంటే పచ్చిగడ్డి ఉండాలి. లంటానా కంప అల్లుకుంటే కింద గడ్డి మొలవదు. అత్త కంప కొడితే గడ్డి మొలుస్తుంది. గడ్డి ఉంటే దుప్పులు, కణుతులు, మనుబోతులు వస్తాయి. అవి ఉంటే పులి ఉంటుంది. అత్త ఎప్పుడూ పులిని కాపాడుతున్నానని అనుకోలేదు. కూలికి పోతున్నాననే అనుకుంది.

నీళ్ల పని ఇంకోటి. ఎండాకాలం వాగులు ఎండుతాయి. అడవిలో తాంబాళం లాగా లోతు తక్కువ తొట్లు కడతారు. వాటిని సాసర్ పిట్లు అంటారు. ట్యాంకరుతో నీళ్లు పోస్తారు. సోలార్ బోర్లు కూడా వేశారు. నీళ్లున్న చోటికి జంతువులు వస్తాయి. దొంగవేటగాళ్లూ అక్కడికే వస్తారు. ఉచ్చులు పెడతారు. కరెంటు తీగలు పరుస్తారు. వాచర్లు పొదలు కదిలించి, ఉచ్చులు వెతికి తీసేస్తారు. ఉచ్చు దొరికిన చోటు, తేదీ రాయాలి. రాయకపోతే కేసు నిలవదు.

అగ్గి భయం అన్నిటికంటే ఎక్కువ. మాఘం దాటితే ఆకు రాలుతుంది. ఒక బీడీ ముక్క చాలు, కొండ కాలిపోతుంది. శ్రీశైలం కాలినడక యాత్రికులు, సలేశ్వరం జాతర జనం అడవిలో నడిచే నెలలు కూడా అవే. అందుకే ముందుగానే బాటల పక్క ఆకులు ఊడ్చి వెడల్పుగా ఖాళీ గీత చేస్తారు. అగ్గి అక్కడికి వచ్చి ఆగుతుంది. దీన్ని ఫైర్ లైన్ అంటారు. యాత్రికులు పారేసిన ప్లాస్టిక్ కవర్లు ఏరడం కూడా ఒక పనే. దుప్పి ఆ కవర్లు తిని చస్తుంది.

ఈ పనులన్నీ చేసేవాళ్లకు పేర్లున్నాయి. రోజుకూలీలు, బేస్ క్యాంపు వాచర్లు అందరికన్నా కింద ఉంటారు. వీళ్లకు పరీక్ష లేదు. అడవి తెలిస్తే చాలు. కానీ అది పక్కా ఉద్యోగం కాదు. వాళ్ల పైన బీట్ ఆఫీసర్ ఉంటారు. ఒక్కో బీటు వేల ఎకరాలు ఉంటుంది. ఆ బీటులో చెట్టు నరికినా, జంతువు చచ్చినా, అగ్గి పుట్టినా బీట్ ఆఫీసరే జవాబు చెప్పాలి. ఆ పైన సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ ఉంటారు. వాళ్లకు డిగ్రీ కావాలి.

ఇదివరకు వచ్చిన ప్రకటనల్లో బీట్ ఆఫీసరుకు ఇంటర్ చదువు అడిగారు. రాతపరీక్ష ఉంటుంది. తర్వాత నడక పరీక్ష. మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. ఆడవాళ్లు 4 గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. ఆడవాళ్లు ఈ ఉద్యోగాల్లో చేరారు. బీట్లు తిరుగుతున్నారు.

కోడలు ఈ పరీక్షకు చదువుతానన్నది. మామ ఒప్పుకోలేదు.

"ఆడపిల్ల ఒంటిగా అడవిల తిరుగుతదా? గొడ్డలి దొంగలుంటరు. ఎలుగ్గొడ్డు ఉంటది" అన్నాడు.

అత్త పొయ్యి కాడి నుంచే జవాబిచ్చింది.

"మీ అమ్మ గడ్డలు తవ్వను ఎవరిని తోడు తీస్కపోయింది? ఆడోళ్లు అడవికి పోకుంటే మీరు ఏం తిని పెరిగిన్రు?"

మామ తల గోక్కున్నాడు. ఎలుగుబంటి భయం మాత్రం నిజమే. అది మామకు తెలుసు, అత్తకూ తెలుసు. తెల్లారి మామ కోడలికి ఒక మాట నేర్పాడు. పొద్దున్నే, పొద్దుగూకేటప్పుడు పుట్టల వైపు పోవద్దు. పోతే చప్పుడు చేస్తూ పోవాలి. ఒప్పుకున్నట్టు నోటితో చెప్పలేదు. కానీ వద్దని మళ్లీ అనలేదు.

కోడలు రోజూ చీకటితో లేచి నడవడం మొదలుపెట్టింది. అత్త తోడు వెళ్లింది. మొదటి రోజు కోడలే అలిసింది! గురుకులంలో కూర్చుని చదివిన కాళ్లు కదా. నెల తిరిగేసరికి అత్తతో సమంగా నడిచింది.

అత్తకు బీట్ ఆఫీసరు ఉద్యోగం రాదు. వయసు దాటింది. అయినా ఆమె చదువు ఆపలేదు. ఓపెన్ స్కూలులో పదో తరగతి పరీక్షకు 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు అడ్డం లేదని కోడలు చెప్పింది. అది తర్వాత సంగతి అన్నది అత్త. ముందుగా రెండు రూపాయల పెన్సిలు, ఒక నోటుపుస్తకం కొనుక్కుంది. పనికి పోయిన ప్రతి రోజూ తేదీ రాసింది. చేసిన పని రాసింది. చూసినది కూడా రాసింది.

నెలాఖరుకు చిట్టా చదివే రోజు వచ్చింది. అత్త తన పుస్తకం తీసింది. ఒక్కో తేదీ వేలు పెట్టి చదివింది. చిట్టాలో 23 రోజులున్నాయి. ఆమె పుస్తకంలో 24 ఉన్నాయి. చిట్టా రాసే అతను వెనక్కి తిప్పి చూశాడు. ఒక తేదీ తప్పింది. దిద్దాడు. అత్త సంతకం పెట్టింది. కొంచెం వంకరగా వచ్చింది, అయినా పేరు చదవవచ్చు. అంతకుముందు పోయిన మూడు రోజుల కూలి మాత్రం రాలేదు. దానికి కాయితం లేదు.

అత్త పుస్తకంలో ఒక పుట ఇలా ఉంది:

మంగళవారం. కంప కొట్టినం. ఏడుగురం. వాగు కాడ ఆడపులి జాడ. పక్కన చిన్న జాడలు రెండు. పిల్లలున్నయి.

ఆ పుట చూసి బీట్ ఆఫీసరు వాగు దగ్గర కెమెరాలు కట్టించాడు. చెట్టు చూపించింది అత్తే.

చెప్పండి – రాయండి

ఒక పులికి వారానికి ఒక దుప్పి కావాలి. మూడు పులులకు నాలుగు వారాల్లో ఎన్ని కావాలి?

4 గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలంటే గంటకు ఎంత నడవాలి? మీ ఊరి నుంచి అంత దూరంలో ఏ ఊరు ఉంది?

అత్త రాసినట్టే మీరు ఈ రోజు చేసిన పని, చూసినది మూడు వాక్యాల్లో రాయండి. తేదీ వేయండి. కింద సంతకం పెట్టండి.