హార్డ్ డిస్కు కంట్రోలరు అమరిక: ఒక అనుభవము, కొన్ని జాగ్రత్తలు

వేసవి సెలవులు ముగిసి కళాశాల తెరచిన మొదటి వారములోనే మా కంప్యూటరు గదిలో ఒక చిక్కు వచ్చిపడినది. ఈ వార్షిక సంచికకు వచ్చిన వ్యాసములన్నియు ఒకే పాత కంప్యూటరులో ఉన్నవి. ఉర్దూ భాగమును ఇన్‌పేజ్‌లోను, తెలుగు భాగమును అను ఫాంట్లలోను కూర్చి ఉంచితిమి. వేరొకచోట నకలు లేదు. మీట నొక్కగానే విండోస్ గుర్తు క్షణకాలము కనిపించి, నీలి తెర వచ్చి, యంత్రము మరల మొదటికి పోవుచుండెను.

సెలవులకు ముందు చివరిసారిగా దానిని వాడిన విద్యార్థి ఏదో నొక్కి చెడగొట్టినాడని కొందరన్నారు. నిజము చెప్పవలెనన్న, మేమును అట్లే అనుకొంటిమి. మరమ్మతు తెలిసిన ఒకరు వచ్చి చూచి, డిస్కు ఫార్మాట్ చేయక తప్పదన్నారు. ఈ రెండు మాటలును తప్పే. ఎందుకు తప్పో తెలియవలెనన్న హార్డ్ డిస్కు కంట్రోలరును గూర్చి కొంత తెలిసికొనవలెను.

1956లో ఐ.బి.ఎం. సంస్థ తొలి హార్డ్ డిస్కును విడుదల చేసినది. అందులో 24 అంగుళముల పలకలు 50 ఉండెను. అన్నియు కలిసి సుమారు 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెడివి. డిస్కు ఎంత చిన్నదైనను, ఎంత పెద్దదైనను, దానికిని కంప్యూటరుకును నడుమ మాట మోయుటకు ఒక మధ్యవర్తి కావలెను. అదియే కంట్రోలరు. 1980ల మధ్యలో వచ్చిన ఐ.డి.ఇ. పద్ధతిలో ఈ కంట్రోలరును డిస్కులోనే అమర్చి, 40 సూదుల వెడల్పాటి పట్టీ తీగతో మదర్‌బోర్డుకు కలిపిరి. 2003 నుండి సన్నని తీగతో సాటా డిస్కులు వచ్చినవి. వాటి శక్తిని పూర్తిగా వాడుకొనుటకు 2004లో ఇంటెల్ సంస్థ ఎ.హెచ్.సి.ఐ. అను పద్ధతిని ప్రకటించినది.

ఈ రెండు పద్ధతుల భేదమును మనకు తెలిసిన దారితోనే చెప్పుకొందము. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము పోవుదుము గదా! ఒక మనిషికి మూడు మూటలు అప్పగించవలసి ఉన్నది. మొదట కుప్పము మూట మాత్రమే ఇచ్చి, అతడు తిరిగి వచ్చిన పిమ్మట పుంగనూరు మూట, ఆపైన పలమనేరు మూట ఇచ్చినచో అతనికి మూడు ప్రయాణములు తప్పవు. మూడును ఒకేసారి ఇచ్చినచో దారి క్రమములో దించుచు ఒక్క ప్రయాణముతో ముగించును. ఐ.డి.ఇ. మొదటి పద్ధతి వంటిది. ఎ.హెచ్.సి.ఐ.లో ఒకేసారి 32 ఆజ్ఞల వరకు డిస్కుకు అందించవచ్చును. ఏది ముందు, ఏది వెనుక అనునది డిస్కే నిర్ణయించుకొనును. అయితే ఒక్కరు ఒక్క పని చేసికొనునపుడు ఈ లాభము అంతగా కనిపించదు. అనేక పనులు ఒకేసారి నడచునపుడే తెలియును.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి ఎ.హెచ్.సి.ఐ. భాష రాదు. అందువలన సాటా డిస్కును కూడ ఐ.డి.ఇ. డిస్కు వలె చూపు అమరికను ఆ కాలపు కంప్యూటర్ల బయాస్‌లో ఉంచిరి. విండోస్‌ను ఏ అమరికలో స్థాపించితిమో, ఆ అమరికకు తగిన డ్రైవరునే అది మొదట మేల్కొల్పుకొనును. తరువాత అమరిక మారినచో తన డిస్కు తనకే అందక నీలి తెర చూపి ఆగిపోవును. ఆ తెరపై 7బి అను సంకేతము ఉండును. తాళము మారినందున తలుపు తెరచుకొనుట లేదు. లోపలి సామాను మాత్రము చెక్కుచెదరలేదు. ఇట్టి స్థితిలో ఫార్మాట్ చేయుట ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది.

మరి మా యంత్రములో అమరికను మార్చినదెవరు? బయాస్ తెర తెరచి చూడగా అందలి తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోయి ఉన్నది. అప్పుడు సంగతి బోధపడినది. మదర్‌బోర్డుపై నాణెము వంటి 3 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉండును. దాని పేరు సి.ఆర్. 2032, 20 మిల్లీమీటర్ల వ్యాసము, 3.2 మిల్లీమీటర్ల మందము అని ఆ అంకెల అర్థము. కరెంటు లేనప్పుడు గడియారమును నడిపించునది అదే. మా వంటి పాత యంత్రములలో బయాస్ అమరికలను నిలుపునదియు అదే. సెలవులలో అది పూర్తిగా నీరసించినది. అమరికలన్నియు తయారీనాటి స్థితికి పోయి, ఎ.హెచ్.సి.ఐ. స్థానములో ఐ.డి.ఇ. వచ్చి కూర్చున్నది.

కరెంటు తీగ ఊడదీసి కొత్త బ్యాటరీ వేసితిమి. తేదీ సరిచేసి, సాటా మోడ్ అను చోట ఎ.హెచ్.సి.ఐ. ఎన్నుకొని భద్రపరచితిమి. యంత్రము లేచినది. రెండు భాషల వ్యాసములును ఎక్కడివక్కడే ఉన్నవి. ఆ విద్యార్థిని పిలిచి, అనుమానించుట మా తప్పేనని తరగతి ఎదుట చెప్పితిమి.

ఇక కావలెననియే ఐ.డి.ఇ. నుండి ఎ.హెచ్.సి.ఐ.కి మార్చదలచినవారు విండోస్ 10లో ఈ క్రమమును పాటించవలెను.

1. ముందుగా ఫైళ్లన్నిటికి వేరొక డిస్కులో నకలు తీయవలెను.

2. ఇప్పుడున్న అమరికను కాగితముపై వ్రాసికొనవలెను. బిట్‌లాకర్ ఉన్నచో దాని రికవరీ కీని, ఖాతా పాస్‌వర్డును దగ్గర ఉంచుకొనవలెను.

3. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ విభాగము తెరచి, సేఫ్ బూట్ వద్ద గుర్తు పెట్టవలెను.

4. యంత్రమును మరల ప్రారంభించి, నేరుగా బయాస్‌లోనికి పోయి అమరిక మార్చవలెను. పెక్కు యంత్రములలో డిలీట్ గాని ఎఫ్2 గాని నొక్కినచో బయాస్ తెరచుకొనును.

5. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి తగిన డ్రైవరును తానే పట్టుకొనును. పిమ్మట సేఫ్ బూట్ గుర్తు తీసివేసి మరల ప్రారంభించవలెను.

నీలి తెర వచ్చినచో భయపడక పాత అమరికను తిరిగి పెట్టవలెను. రెయిడ్ పద్ధతిలో జతపరచిన డిస్కులున్న యంత్రముల జోలికి మాత్రము పోరాదు. కొత్త కంప్యూటర్లలోని ఎన్.వి.ఎం.ఇ. డిస్కులు ఎ.హెచ్.సి.ఐ. మీద ఆధారపడినవి కావు. వాటికై ఈ మార్పు అవసరము లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. సంచిక వ్యాసములకు నకలు ఉంచుటకై ఒక విడి డిస్కును, గదిలోని ప్రతి పాత యంత్రమునకు ఒక కొత్త బ్యాటరీని మంజూరు చేయగోరుచున్నాము. విద్యార్థులకు చెప్పునది కూడ ఒక్కటే. యంత్రము ఆగినప్పుడు ముందు కారణమును వెదకవలెను. మనిషిని నిందించుటయు, డిస్కును తుడుచుటయు ఆ తరువాతి మాట. ఈ సంచిక మీ చేతికి అందినదన్న, ఆనాడు ఒక్క పూట ఆగి ఆలోచించుట వలననే.