“తిన్నరా?” అని కొరియన్‌లో అడిగితే



మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో దోమ నుంచి వచ్చిన ఒక అమ్మ, “టీచర్, మా పాప ఫోన్‌ల కొరియా సీరియళ్లు చూసి ఏవేవో మాటలంటది, ఇంగ్లిష్ మాత్రం వస్తలేదు” అన్నారు. మర్నాడు ఆ మాటలేవో చెప్పమని పాపనే అడిగాను. “హక్క్యో-ఎ కాయో” అంది.

హక్క్యో అంటే బడి. ‘ఎ’ అంటే మన ‘కి’. కాయో అంటే పోతాను. అచ్చం మన వాక్యమే! ఇంగ్లిష్‌లో “ఐ గో టు స్కూల్” అంటాం. అక్కడ పోవడం ముందొస్తుంది, బడి చివరికి వెళ్తుంది, ‘కి’ బడికి ముందు నిలబడుతుంది. మన పిల్లలు “ఐ స్కూల్ గోయింగ్” అనేది ఇందుకే. ఇన్నాళ్లూ “తెలుగులో ఆలోచించకండి” అని కోప్పడేదాన్ని, పొరపాటు నాదే. ఇప్పుడు మూడు భాషల వాక్యాలూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాయిస్తున్నాను. ఏ మాట ఎటు జరిగిందో పిల్లలే బాణం గుర్తులు గీస్తున్నారు.

మరికొన్ని: ఛేగుల్ ఇల్గొయో (పుస్తకాన్ని చదువుతాను), మూల్ మాషొయో (నీళ్లు తాగుతాను), చాయో (పడుకుంటాను). నేనైనా, నువ్వైనా, ఆమైనా క్రియ మారదు. ఈ విషయంలో తెలుగుకన్నా సులువే. చివరి ‘యో’ మన ‘అండి’ లాంటిది, స్నేహితుల మధ్య తీసేస్తారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది “పాప్ మొగొస్సొయో?” పాప్ అంటే అన్నం. “అన్నం తిన్నరా?” అని మన ఊళ్లలో పలకరించినట్టే వాళ్లూ పలకరించుకుంటారు. పెద్దవాళ్లను మాత్రం ఇలా అడగకూడదు, “షిక్సా హాషొస్సొయో?” అనాలి. తాతయ్యను “తిన్నవా” అనం కదా!

తెలుగు లిపిలో రాస్తే ఉచ్చారణ దగ్గరగానే వస్తుంది, పూర్తిగా రాదు. ‘మొగొ’లోని ‘ఒ’ మన అ, ఒ ల నడుమ పలుకుతుంది. వాళ్ల లిపి హంగుల్. సేజోంగ్ రాజు 1446లో ప్రకటించిన ఆ అక్షరాలను ఆసక్తి ఉన్న పిల్లలు త్వరగానే పట్టేస్తారు.

ఈ భాషతో పనేముంది అంటారా? పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం సెకండరీ స్థాయి విదేశీ భాషల్లో కొరియన్‌నూ పేర్కొంది. అలాగని ఇంగ్లిష్ హోంవర్క్ మానిపించకండి!

ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లల్ని “పాప్ మొగొస్సొయో?” అని అడగండి. తిన్నామని చెప్పడానికి “నే, మొగొస్సొయో” అనాలి. ఇక్కడ ‘నే’ అంటే అవును.