ఒమన్: వీసా రహిత ప్రవేశం
పోటీ పరీక్షల ప్రత్యేకం | అంతర్జాతీయ అంశాలు

ప్రాథమికాంశాలు
- ఉనికి: అరేబియా ద్వీపకల్ప ఆగ్నేయ భాగం
- రాజధాని: మస్కట్; కరెన్సీ: రియాల్ (1 రియాల్ = 1000 బైసాలు)
- సుల్తాన్: హైతమ్ బిన్ తారిఖ్ (2020 జనవరి 11 నుంచి)
- సరిహద్దు దేశాలు: యూఏఈ, సౌదీ అరేబియా, యెమెన్
- హర్మూజ్ జలసంధిని ఆనుకుని ఉన్న ఒమన్ భూభాగం: ముసందమ్ (ముఖ్యం)

నిబంధనలు
- ప్రకటన: 2020 డిసెంబరు
- వర్తింపు: 103 దేశాల పౌరులకు
- గడువు: 14 రోజులు
- షరతులు: తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఆరోగ్య బీమా
- వీసాల జారీ: రాయల్ ఒమన్ పోలీస్
- గల్ఫ్ సహకార మండలి (జీసీసీ) దేశాల పౌరులకు వీసా అక్కర్లేదు.

భారతీయులకు
- మినహాయింపు షరతులతోనే. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్, షెంజెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా లేదా నివాస అనుమతి అమల్లో ఉండాలి. లేనివారు ఈ-వీసా తీసుకోవాలి.
- పర్యాటక ప్రవేశంతో ఉద్యోగం చేయరాదు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టుపై ఒమన్‌లో ఉద్యోగానికి వెళ్లేవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి (వలసల చట్టం-1983).
- తెలంగాణలో విదేశీ ఉద్యోగాల ప్రభుత్వ సంస్థ: టామ్‌కామ్

గుర్తుంచుకోండి
- జీసీసీ స్థాపన: 1981 మే 25, ప్రధాన కార్యాలయం: రియాద్, సభ్య దేశాలు: 6
- జీసీసీ ఉమ్మడి పర్యాటక వీసాకు హోంమంత్రుల ఆమోదం: 2023 నవంబరు, మస్కట్
- భారత్-ఒమన్ దౌత్య సంబంధాలు: 1955, వ్యూహాత్మక భాగస్వామ్యం: 2008
- పాస్‌పోర్టులు, వీసాలు: కేంద్ర జాబితా, 19వ అంశం (తరచూ అడిగేది)
- పాస్‌పోర్టుల చట్టం: 1967

తికమక పడొద్దు: యెమెన్ జీసీసీ సభ్య దేశం కాదు, ఒమన్ ఒపెక్ సభ్య దేశం కాదు.