తిరగబడిన చక్రవడ్డీ: స్లాట్ మెషిన్ లెక్క

వెయ్యి రూపాయలను ఏటా 7 శాతం చక్రవడ్డీకి వేస్తే అది రెండు వేలు కావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో ఈ లెక్క పిల్లలకు కూడా తెలుసు. అదే వెయ్యి గంటలోపే సగమైపోయే చోటు ఒకటుంది. అదే స్లాట్ మెషిన్.

సూరత్‌లోని మన తెలుగువారికి ఈ లెక్క తెలియడం ఇప్పుడు అవసరం. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చిన కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో ఏళ్ల తరబడి స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. గుజరాత్‌లో 1887 నాటి జూద నివారణ చట్టం అమల్లో ఉంది. గోవాలో 1992లో చట్టాన్ని సవరించి ఐదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్ మెషిన్లకు అనుమతి ఇచ్చారు. ఒకప్పుడు ఆడాలంటే అంత దూరం పోవాలి. ఇప్పుడు ఆ యంత్రమే ఫోన్‌లోకి వచ్చింది.

చక్రాల వెనుక ఏముంది?

మూడు చక్రాల యంత్రాన్ని 1890ల చివర్లో శాన్ ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ తయారుచేశాడు. దాని పేరు లిబర్టీ బెల్. ఒక్కో చక్రం మీద పది బొమ్మలు ఉంటే, మూడు చక్రాలు ఆగే తీరులు 10 × 10 × 10, అంటే 1,000. ఒక్కో చక్రం మీద గంట బొమ్మ ఒకటే ఉంటే, మూడు గంటలూ వరుసలో పడే అవకాశం వెయ్యిలో ఒకటి.

1984లో ఇంగె టెల్నెస్ పొందిన పేటెంట్‌తో ఈ లెక్క మారిపోయింది. ఆ తరహా యంత్రంలో మీట నొక్కగానే కంప్యూటర్ ఒక సంఖ్యను ఎంచుకుంటుంది. ఫలితం అప్పుడే తేలిపోతుంది. చక్రాలు తిరగడం మనకు చూపించడానికే. పైకి ఒక చక్రం మీద 22 స్థానాలే కనిపించినా, లోపల 64 సంఖ్యలు ఉండవచ్చు. పెద్ద బహుమతి బొమ్మకు వాటిలో ఒక్కటే కేటాయిస్తే, మూడు చక్రాల మీదా అది పడే అవకాశం 2,62,144లో ఒకటి. ఆ బొమ్మకు పైనా కిందా ఉన్న ఖాళీలకు ఎక్కువ సంఖ్యలు కేటాయిస్తే, బహుమతి బొమ్మ మాటిమాటికీ గీత పక్కనే ఆగుతుంది. "అయ్యో, కొద్దిలో తప్పిపోయింది!" అని మనకు అనిపిస్తుంది. నిజానికి కొద్దిలో తప్పడం అంటూ ఏమీ లేదు.

యంత్రానికి జ్ఞాపకం కూడా లేదు. వందసార్లు పోయింది కనుక నూట ఒకటోసారి వస్తుందనుకోవడం పొరపాటు.

90 శాతం తిరిగి వస్తుందంటే?

అమెరికాలోని నెవాడా రాష్ట్ర నిబంధనల ప్రకారం స్లాట్ మెషిన్ సగటున కనీసం 75 శాతం తిరిగి చెల్లించేలా ఉండాలి. 90 శాతం ఇచ్చే యంత్రమే ఉందనుకుందాం. "వెయ్యితో వెళితే తొమ్మిది వందలతో వస్తాం, పోయేది వందే కదా" అనిపిస్తుంది. మోసపోయేది ఇక్కడే. ఆ 90 శాతం మన జేబులోని సొమ్ము మీద కాదు, కాసిన ప్రతి పందెం మీద.

వెయ్యి రూపాయలను పది రూపాయల చొప్పున ఒక విడత పూర్తిగా ఆడితే సగటున 900 మిగులుతుంది. ఆ 900 మళ్లీ ఆడితే 810. తర్వాత 729, 656, 590, 531. ఏడో విడతకు 478. నిమిషానికి పదిసార్లు నొక్కితే ఇదంతా సుమారు 52 నిమిషాల్లో అయిపోతుంది. అసలు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ పెరిగినట్టే, ఇక్కడ మిగిలినదాని మీద మళ్లీ మళ్లీ కోత పడుతుంది.

ఇది సగటు మాత్రమే. ఒక రోజు ఒకరికి నిజంగానే లాభం రావచ్చు. వీధిలో అందరూ చెప్పుకొనేది ఆ గెలుపు గురించే. పోగొట్టుకున్నవారు ఇంట్లో కూడా చెప్పరు.

ఫోన్‌లో ఆటకు పూచీ ఎవరు?

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. వాటికి చెల్లింపులు జరపకుండా బ్యాంకులను కూడా కట్టడి చేసింది. దొంగచాటుగా నడిచే యాప్‌లలో 90 శాతం ఇస్తున్నారో, 40 శాతం ఇస్తున్నారో తనిఖీ చేసేవారు లేరు. గెలిచిన సొమ్ము చేతికి రాకపోతే అడిగే దిక్కూ లేదు.

ఇలాంటి యాప్‌ల సొమ్ము ఇతరుల ఖాతాల గుండా తిరుగుతుంటుంది. "నీ ఖాతా, ఏటీఎం కార్డు కొన్నాళ్లు ఇవ్వు, కమీషన్ ఇస్తాం" అని ఎవరడిగినా ఇవ్వకూడదని ఇంట్లోని యువతకు చెప్పండి. ఖాతా స్తంభించిపోవడమే కాదు, పోలీసు కేసులోనూ చిక్కుకోవచ్చు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ సొమ్ము దొరకడం కష్టం.

పోగొట్టుకున్నవారిని తిట్టడం వల్ల మేలు జరగదు. "పోయింది రాబట్టుకుందాం" అనే పంతమే అసలు ప్రమాదం. కాగితం, కలం తీసి పక్కన కూర్చుని, పై లెక్క కలిసి వేయండి.

ఇంట్లో చేసి చూడండి

కాలిక్యులేటర్‌లో 1000 వేసి, 0.9తో గుణిస్తూ పోండి. ఎన్నోసారికి వందకంటే తగ్గుతుందో పిల్లలను ముందుగా ఊహించమనండి.

(జవాబు: 22వ సారి.)