బిడ్డ ఆరు నెలలు తండ్రి దగ్గర ఉంటే భరణం ఆగిపోతుందా?

సికింద్రాబాద్ బదిలీల ఊరు. రైల్ నిలయం ఉద్యోగికి ఎప్పుడు ఏ డివిజన్‌కు ఉత్తర్వులొస్తాయో తెలియదు. కంటోన్మెంట్‌లోని సైనిక కుటుంబానిదీ అదే పరిస్థితి. విడాకులు తీసుకున్న దంపతుల్లో ఒకరికి ఇలా వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, ముందు ఇల్లు మారాల్సింది బిడ్డే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిదేళ్ల పాప తల్లి దగ్గర పెరుగుతోంది. తండ్రి కోర్టు ఆదేశం ప్రకారం పాపకు నెలకు 12 వేలు పంపుతున్నాడు. తల్లికి ఆరు నెలల శిక్షణ పడింది. అది ముగిసేదాకా పాపను తండ్రి ఉంటున్న నాయనమ్మ ఇంట్లో ఉంచుదామని ఇద్దరూ మాట్లాడుకున్నారు. మరుసటి నెల నుంచి తండ్రి డబ్బు ఆపేశాడు. “పాప నా దగ్గరే ఉందిగా, ఇంకా ఎవరికి పంపాలి?” అన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఆపిన పద్ధతిలోనే పొరపాటుంది. కోర్టు ఇచ్చిన ఆదేశం కోర్టు మార్చేదాకా అమల్లోనే ఉంటుంది. తల్లిదండ్రులు ఫోన్‌లో ఒప్పుకున్నంత మాత్రాన అది మారదు. వాట్సాప్ సందేశాలు పాప ఎక్కడుందో చెప్పే సాక్ష్యంగా పనికొస్తాయి, అంతే. కట్టని ప్రతి నెలా బకాయిగా పేరుకుంటుంది. వసూలుకు వారంటు రావచ్చు. అప్పటికీ చెల్లించకపోతే ఒక్కో నెల బకాయికి నెల రోజుల వరకు జైలు కూడా పడొచ్చు. తల్లులు గమనించాల్సిందీ ఒకటుంది. బకాయి కోసం వారంటు కోరుతూ వేసే దరఖాస్తు, ఆ సొమ్ము కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు వేయాలి.

దారి చట్టంలోనే ఉంది. 2024 జూలై 1 నుంచి భరణానికి సంబంధించిన పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ వచ్చింది. పరిస్థితులు మారితే భరణాన్ని పెంచడానికీ తగ్గించడానికీ 146వ సెక్షన్ ఉంది, పాత 127 ఇదే. బిడ్డల ఖర్చుపై ఆదేశం హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద వచ్చి ఉంటే, దాన్ని మార్చే, తాత్కాలికంగా నిలిపే అధికారం అందులోనే కోర్టుకు ఉంది. పిటిషన్ వేయడం ఎంత ఆలస్యమైతే పాత మొత్తం మీద అంత బకాయి పెరుగుతుంది. అందుకే పాప ఇల్లు మారకముందే వేయడం మంచిది.

ముందు పాత ఆదేశాన్ని ఒకసారి బయటికి తీసి చదవండి. అందులో భార్యకు ఎంత, బిడ్డకు ఎంత అని విడివిడిగా రాసి ఉంటే, పాప ఇల్లు మారినందుకు తల్లి వాటా తగ్గదు. బిడ్డ వాటా కూడా తనంతట తానే సున్నా అయిపోదు. స్కూలు ఫీజు, పాప తిరిగి రావాల్సిన ఇంటి అద్దె ఆ ఆరు నెలలూ నడుస్తూనే ఉంటాయి కదా. వేసవి సెలవులకు నెల రోజులు తండ్రి దగ్గరికి వెళ్లినందుకే భరణం కోయాలనడం నా దృష్టిలో సరికాదు. అలాంటి రాకపోకలు అందరికీ ముందే తెలిసినవే.

ఇక్కడ ఉద్యోగం చేసే తల్లులకూ ఒక మాట చెప్పాలి. హిందూ దత్తత, భరణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం బిడ్డల పోషణ తండ్రితో పాటు తల్లి బాధ్యత కూడా. పద్మజా శర్మ కేసులో 2000లో సుప్రీంకోర్టు, తండ్రి జీతం తల్లి జీతానికి రెట్టింపు ఉందని చూసి ఖర్చును 2:1గా పంచింది. కాబట్టి పాప తండ్రి దగ్గరున్న కాలానికి తల్లి నుంచి కొంత వాటా అడిగితే కోర్టు కాదనాలని లేదు.

ఇద్దరికీ సమ్మతమైతే ఉమ్మడి మెమో దాఖలు చేసి, దాని మీద కోర్టు ఆదేశం తీసుకోండి. పాప ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎవరి దగ్గర ఉంటుందో, ఫీజు ఎవరు కడతారో, మందుల ఖర్చు ఎవరిదో అందులో రాయాలి. గడువు ముగిసిన రోజు నుంచి, మళ్లీ పిటిషన్ అవసరం లేకుండా, పాత మొత్తమే అమల్లోకి వస్తుందన్న వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే పాప తిరిగొచ్చాక తల్లి మళ్లీ వాయిదాల చుట్టూ తిరగాల్సి రావచ్చు. “ఇకపై బిడ్డకు ఏమీ అడగను” అని మాత్రం ఎవరు రాయమన్నా రాయకండి. ఆ హక్కు బిడ్డది, వదులుకోవడానికి తల్లికి అధికారం లేదు.

ఒప్పందం కుదరకపోతే పిటిషన్‌తో పాటు ఆస్తి, ఆదాయాల అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. 2020 నవంబర్ 4న రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు భరణం కేసుల్లో ఇరుపక్షాలూ దీన్ని వేయాలని చెప్పింది. పే స్లిప్పులు, ఫీజు రసీదులు, బదిలీ ఉత్తర్వు జత చేయండి.

సైన్యంలో పనిచేసే తండ్రుల విషయంలో మరో చిక్కుంది. భార్యాబిడ్డల భరణం కోసం జీతంలో కోత విధించే అధికారం 1950 ఆర్మీ చట్టం కింద సైనికాధికారులకూ ఉంది. అలాంటి కోత నడుస్తుంటే కోర్టు కొత్త ఆదేశం కాపీని అక్కడా ఇవ్వాలి.

మొదటి ఆదేశం ఇచ్చిన కోర్టుకే వెళ్లడం సులువు. ఫ్యామిలీ కోర్టులో లాయరు లేకుండా మీ మాట మీరే చెప్పుకోవచ్చు. లాయరు కావాలంటే ఆదాయంతో పని లేకుండా మహిళలకూ పిల్లలకూ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.