పర్షియన్ పిల్లి - పెంచేవారి బాధ్యత

పాఠ్యాంశ ఉద్దేశం

పెంపుడు జంతువు అలంకార వస్తువు కాదు, ప్రాణమున్న జీవి. దానిని ఇంటికి తెచ్చుకోవడానికి ముందే దాని స్వభావం, అవసరాలు, ఆరోగ్య సమస్యలు తెలుసుకోవాలి. పర్షియన్ పిల్లిని ఉదాహరణగా తీసుకొని, మూగజీవుల పట్ల మానవుని బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠం

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ వినని తెలుగువారు అరుదు. ఎలుకల బాధ తొలగించడానికి రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవును ఇప్పించారట. రామకృష్ణుడు మొదటి రోజే మరిగే పాలను పిల్లి ముందు ఉంచాడు. మూతి కాలిన పిల్లి ఆ తరువాత పాలగిన్నెను చూస్తేనే పరుగు తీసింది. ఆవుపాలు కవిగారి ఇంటివారికి దక్కాయి. పిల్లి మాత్రం బక్కచిక్కిపోయింది. ఈ కథ విన్నప్పుడల్లా మనం కవి చమత్కారానికి నవ్వుకుంటాం. కానీ మూతి కాలిన పిల్లిని గురించి ఆలోచించం. ఒకరి ఇష్టం వల్ల మరొకరి ఇంటికి చేరిన ఆ మూగప్రాణి తన బాధను చెప్పుకోజాలదు.

నేడు మన నగరాలలో మరొక పిల్లి ఇంటింటికీ చేరుతున్నది. అది పట్టుకుచ్చు వంటి బొచ్చుతో, గుండ్రని ముఖంతో, పెద్ద కళ్ళతో చూసేవారిని ఇట్టే ఆకట్టుకొనే పర్షియన్ పిల్లి. పుట్టినరోజు కానుకగా దానిని కోరుకొనే విద్యార్థులు ఎందరో ఉన్నారు. కోరుకోవడం తప్పు కాదు. అయితే ఆ పిల్లి కోరుకొనేదేమిటో ముందుగా తెలుసుకోకపోవడం తప్పు.

పేరు - పుట్టుక

నేటి ఇరాన్ దేశాన్ని పాశ్చాత్యులు పూర్వం పర్షియా అని పిలిచేవారు. ఇటలీ దేశపు యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె 1620లో అక్కడినుండి వ్రాసిన లేఖలో ఖొరాసాన్ ప్రాంతపు పొడవైన బొచ్చుగల పిల్లుల అందాన్ని వర్ణించాడు. అటువంటి పిల్లులు క్రమంగా ఐరోపాకు చేరాయి. 1871లో లండన్ నగరంలోని క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ నిర్వహించిన పిల్లుల ప్రదర్శనలో పర్షియన్ పిల్లులు కూడా పాల్గొన్నాయి. ఆ తరువాత ఇంగ్లండు, అమెరికా దేశాలలోని పెంపకందార్లు తమకు నచ్చిన లక్షణాలున్న పిల్లులనే ఎంచి, వాటికే సంతానం కలిగేటట్లు చేస్తూ ఈ జాతిని తీర్చిదిద్దారు.

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. వివిధ దేశాల పిల్లుల జన్యువులను పోల్చిచూసి 2008లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం, నేటి పర్షియన్ పిల్లి జన్యుపరంగా పశ్చిమాసియా పిల్లులకంటె పశ్చిమ ఐరోపా పిల్లులకే దగ్గరి చుట్టం. అంటే పేరు పర్షియాదే అయినా, నేటి రూపం మాత్రం మానవుని అభిరుచి మలచినది. ఈ పిల్లి సుఖదుఃఖాలు రెండింటికీ మూలం ఈ వాస్తవంలోనే ఉన్నది.

అందమే ఆపద

పర్షియన్ పిల్లి సాధుస్వభావం కలది. గెంతులు తక్కువ, అరుపులు తక్కువ. ప్రశాంతమైన ఇల్లు, నిలకడైన దినచర్య, నెమ్మదిగా మాట్లాడే మనుషులు దానికి ఇష్టం. మన విపణిలో వ్యాపారులు వీటిని ముఖాన్నిబట్టి ‘డాల్ ఫేస్’, ‘పంచ్ ఫేస్’ అని విభజిస్తారు. మొదటి రకానికి ముక్కు కొంత ముందుకు ఉంటుంది. రెండవ రకానికి ముక్కు కళ్ళ మధ్యకు నొక్కివేసినట్లు ఉంటుంది. ముఖం ఎంత చదునుగా ఉంటే ధర అంత ఎక్కువ పలకడం పరిపాటి.

కానీ ధర పెంచే ఆ చదును ముఖమే పిల్లికి కష్టహేతువు. పుర్రె కురచ కావడంతో ముక్కురంధ్రాలు ఇరుకై ఊపిరి తీయడం కష్టమవుతుంది. కన్నీరు ముక్కులోకి జారవలసిన నాళం వంకరపోయి, కన్నీరు చెంపలమీదికి కారుతుంది. కళ్ళు ముందుకు పొడుచుకొని ఉండటంవల్ల వాటికి సులువుగా గాయమవుతుంది. దవడలు సరిగా కలవక పళ్ళు వంకరగా వస్తాయి. పిల్లి గురక పెట్టడం చూసి ముద్దుగా ఉన్నదని మురిసిపోయేవారున్నారు. నిజానికి అది చాలాసార్లు ఊపిరాడని ప్రాణి పడే ప్రయాస. కాబట్టి పిల్లను ఎంచుకొనేటప్పుడు ముక్కు కొంత ముందుకు ఉండి, నోరు మూసుకొని శబ్దం లేకుండా శ్వాసించే దానిని ఎంచుకోవడం వివేకం.

కంటికి కనిపించని ప్రమాదం మరొకటి ఉన్నది. అది వంశపారంపర్యంగా వచ్చే పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధి. ఈ వ్యాధి ఉన్న పిల్లికి పుట్టుకతోనే మూత్రపిండాలలో చిన్న చిన్న నీటితిత్తులు ఉంటాయి. వయస్సుతోపాటు అవి పెరిగి, చాలా పిల్లులలో నడివయస్సు నాటికి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. తల్లిదండ్రులలో ఒక్కరికి ఈ దోషం ఉన్నా, పుట్టే ప్రతి పిల్లకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. దీనికి కారణమైన జన్యులోపాన్ని శాస్త్రవేత్తలు 2004లో గుర్తించారు. నాటినుండి కొద్దిపాటి రక్తంతోగాని, చెంప లోపలి భాగంనుండి తీసిన నమూనాతోగాని ఈ దోషాన్ని పసికట్టడం సాధ్యమైంది. వ్యాధిని పూర్తిగా నయంచేసే మందు లేదు. అందువల్ల తల్లిపిల్లికి, తండ్రిపిల్లికి ఈ పరీక్ష జరిగిందా అని అడిగి, ఫలిత పత్రం చూసిన తరువాతనే పిల్లను తీసుకోవాలి. ఆ ప్రశ్నకు విసుక్కొనే వ్యాపారివద్ద పిల్లను కొనకపోవడమే మంచిది.

నిత్యసేవ

సాధారణమైన పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకొంటుంది. పర్షియన్ పిల్లికి రెండు పొరల దట్టమైన బొచ్చు ఉండటంవల్ల ఆ పని దానికి అలవికాదు. ప్రతిరోజూ లోహపు దువ్వెనతో మెల్లగా దువ్వాలి. కొద్దిరోజులు మానితే చంకలలో, పొట్టక్రింద, చెవుల వెనుక బొచ్చు జడలు కడుతుంది. ఆ జడలు చర్మాన్ని లాగి పుండ్లు పడేటట్లు చేస్తాయి. వాటిని ఇంట్లో కత్తెరతో కత్తిరించబోతే పలుచని చర్మం తెగే ప్రమాదమున్నది. ఆ పనిని పశువైద్యునికో, అనుభవజ్ఞులకో అప్పగించాలి. కంటి పుసులను గోరువెచ్చని నీటిలో తడిపిన మెత్తని గుడ్డతో రోజూ తుడవాలి. రెండు కళ్ళకూ వేర్వేరు గుడ్డలు వాడాలి. స్నానం చేయించినప్పుడు బొచ్చు మొదలంటా ఆరేవరకు శ్రద్ధ వహించాలి.

మన వాతావరణం ఈ పిల్లికి పరీక్ష వంటిది. పిల్లికి స్వేదం ప్రధానంగా అరికాళ్ళలోనే పడుతుంది. దట్టమైన బొచ్చు, ఇరుకైన ముక్కు తోడైతే ఒంటిలోని వేడి బయటకు పోయే దారి మరింత తగ్గుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటిన సందర్భాలున్నాయి. అటువంటి ఎండలలో గాలి ఆడని గదిలో పర్షియన్ పిల్లిని వదలి కళాశాలకు వెళ్ళడం దాని ప్రాణాన్ని పణంగా పెట్టడమే. చల్లని గది, పలుచోట్ల ఉంచిన మంచినీరు దానికి తప్పనిసరి. పిల్లి కుక్కవలె నోరు తెరచి ఎగశ్వాస తీస్తే అది ప్రమాద సూచన. వెంటనే దానిని చల్లని చోటికి చేర్చి పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

ఆహారం - ఆరోగ్యం

పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తగినంతగా తయారు చేసుకోలేదు. అది మాంసంనుండే లభించాలి. టారిన్ లోపిస్తే చూపు పోతుంది. గుండె కండరం బలహీనపడుతుందని కూడా 1987లో నిరూపితమైంది. కనుక మనం ఆప్యాయంగా పెట్టే పెరుగన్నం, పాలన్నం పిల్లి కడుపు నింపవచ్చునేమోగాని దాని శరీరాన్ని పోషించవు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు జీర్ణం కాక విరేచనాలు అవుతాయి. ఇంటిలో మాంసం ముట్టని కుటుంబాలు పిల్లిని తెచ్చుకొనే ముందే ఈ విషయాన్ని ఆలోచించుకోవాలి. మన నియమాన్ని పిల్లిమీద రుద్దడం న్యాయం కాదు. సమతుల పోషకాలతో పొట్లాలలో లభించే పిల్లుల ఆహారం కొంత సులభమార్గం.

మనకు మేలుచేసేవి కొన్ని పిల్లికి విషతుల్యాలు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను నాశనం చేస్తాయి. జ్వరానికి మనం వేసుకొనే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. పూలగుత్తులలో వాడే అసలైన లిల్లీ పువ్వులు దాని మూత్రపిండాలను పాడుచేస్తాయి. మన పూలమాలలలో లిల్లీ పేరుతో కనిపించే రజనీగంధ వేరు. కుక్కల పేలకు, గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందును పిల్లికి ఎన్నడూ పూయరాదు.

పిల్ల రెండు నెలల వయస్సుకు చేరేసరికి టీకాలు మొదలుపెట్టి, పశువైద్యుడు చెప్పిన వ్యవధిలో మళ్ళీ వేయించాలి. రేబిస్ టీకా పిల్లికే కాక ఇంటివారికీ రక్ష. సంతాన నిరోధక శస్త్రచికిత్స విషయంలో వైద్యుని సలహా పొందాలి. మలవిసర్జనకై ఉంచిన ఇసుక తొట్టిని ప్రతిదినం శుభ్రపరచాలి. పిల్లి మలంద్వారా వ్యాపించే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భస్థ శిశువుకు హానికరం. కనుక ఇంటిలో గర్భిణులుంటే ఆ పనిని ఇతరులు చేయాలి.

తెచ్చుకొనే ముందు

పర్షియన్ పిల్లి సాధారణంగా 10 నుండి 15 సంవత్సరాలు జీవిస్తుంది. పదిహేడేళ్ళ విద్యార్థి నేడు ఒక పిల్లను తెచ్చుకొంటే, అతనికి ముప్పై ఏళ్ళు వచ్చేనాటికీ అది ఇంటిలోనే ఉండవచ్చు. ఈ మధ్యకాలంలో ప్రవేశ పరీక్షలు వస్తాయి, వసతిగృహ జీవితం వస్తుంది, ఉద్యోగం వస్తుంది, వివాహమూ కావచ్చు. ఆ రోజులలో దువ్వెన పట్టేది ఎవరు? ఇసుక తొట్టి కడిగేది ఎవరు? వైద్యుని వద్దకు తీసుకొనిపోయేది ఎవరు? ‘అమ్మ చూసుకొంటుంది’ అనేది సమాధానమైతే, నిర్ణయం తీసుకోవలసింది కూడా అమ్మే. ఆమెను అడగకుండా పిల్లను తేవడం ఆమె భుజాలమీద పదిహేనేళ్ళ భారం మోపడమే.

బాధ్యతకు సిద్ధపడినవారు దుకాణానికి వెళ్ళే ముందు జంతు సంరక్షణ కేంద్రాలలో విచారించడం మంచిది. ముద్దుతీరి కొందరు వదిలివేసిన పర్షియన్ పిల్లులు అక్కడ కొత్త ఇంటికోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఎదిగిన పిల్లిని దత్తత తీసుకోవడంలో ఒక సౌలభ్యం ఉన్నది. దాని స్వభావం, ఆరోగ్యం అప్పటికే తెలిసి ఉంటాయి. ఒకవేళ చిన్నపిల్లనే తీసుకోదలిస్తే, ఎనిమిది వారాలు నిండకముందు దానిని తల్లినుండి వేరుచేయరాదు. మరికొన్ని వారాలు తల్లివద్ద ఉంచగలిగితే ఇంకా మంచిది.

మన రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం జీవుల పట్ల కరుణ కలిగి ఉండటాన్ని పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొన్నది. జంతువు ఆకలిదప్పులతో బాధపడే విధంగా తగిన కారణం లేకుండా దానిని విడిచిపెట్టడం, 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. బొచ్చు జడలు కట్టి, వేటాడటం తెలియక, వీధిలో నిలిచిన పర్షియన్ పిల్లి ఎక్కువ కాలం బ్రతకజాలదు. దానికి ఆ రూపాన్ని ఇచ్చినవాడు మానవుడు. కనుక ఆ రూపానికి అవసరమైన సేవ చేయవలసినవాడూ మానవుడే.

పర్షియన్ పిల్లి అందం చూడటానికి ఒక్క క్షణం చాలు. దానిని కాపాడటానికి ప్రతిదినమూ కొంత సమయం కావాలి. అంత సమయం ఇవ్వగలనని నిజాయితీగా చెప్పగలిగినవాడు ఆ పిల్లిని తెచ్చుకోవచ్చు. ఇవ్వలేనని తెలుసుకొని ఆగిపోయినవాడు కూడా ఆ పిల్లికి మేలు చేసినవాడే.

అర్థాలు

చమత్కారం = నేర్పుతో కూడిన తమాషా
విపణి = అంగడి, బజారు
కష్టహేతువు = బాధకు కారణం
ప్రయాస = శ్రమ, అలసట
అలవికాదు = సాధ్యం కాదు
స్వేదం = చెమట
విషతుల్యం = విషంతో సమానమైనది
పరాన్నజీవి = ఇతర జీవులపై ఆధారపడి బ్రతికేది

అభ్యాసం

I. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. పర్షియన్ పిల్లి ముఖాకృతివల్ల దానికి కలిగే ఇబ్బందులను వివరించండి.
2. పెరుగన్నం, పాలన్నం పిల్లికి తగిన ఆహారం కావని ఎందుకు అంటారు?
3. పిల్లిని తెచ్చుకొనే ముందు విద్యార్థి తనను తాను వేసుకోవలసిన ప్రశ్నలేవి?

II. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి

1. మూతి కాలిన పిల్లిని గురించి ఆలోచించం.
2. నిర్ణయం తీసుకోవలసింది కూడా అమ్మే.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. ఖొరాసాన్ ప్రాంతపు పిల్లులను తన లేఖలో వర్ణించిన యాత్రికుడు ఎవరు?
2. పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధికి కారణమైన జన్యులోపాన్ని ఏ సంవత్సరంలో గుర్తించారు?
3. జీవకారుణ్యాన్ని ప్రాథమిక విధిగా పేర్కొన్న రాజ్యాంగ అధికరణం ఏది?

IV. వ్యాసరచన

మీ ఇంటిలోగాని, వీధిలోగాని ఉన్న ఒక మూగజీవి దినచర్యను వారంరోజులు గమనించి, దాని అవసరాలలో మనుషులు తీరుస్తున్నవి ఏవో, తీర్చనివి ఏవో ఒక పుటలో వ్రాయండి.