మెదడుకు రక్తం అందనివ్వండి: మతిమరుపు విషయంలో చేయవలసినవి - చేయకూడనివి

ఇంట్లో పెద్దాయన అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే "వయసు మీద పడింది, చాదస్తం" అని సరిపెట్టుకోవడం మన గోదావరి పల్లెల్లో మామూలే. కానీ మతిమరుపులన్నీ ఒక్క రకం కావు. మెదడులో రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే మతిమరుపు వాటిలో పెద్ద వాటా. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 347 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు నాలుగో వంతు మందిది ఈ రకమే అని తేలింది. అల్జీమర్స్ తర్వాతి స్థానం దీనిదే. బీపీని, షుగర్‌ను అదుపులో పెట్టుకుంటే దీన్ని చాలావరకు రాకుండా ఆపుకోవచ్చు.

మన జిల్లాలకు ఈ ముప్పు ఎంత దగ్గరో చెప్పే లెక్క ఇరవై ఏళ్ళ కిందటే తేలింది. 2003-04లో ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 'ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్' పరిశోధకులు ఏడాది పాటు ప్రతి చావుకూ కారణం ఆరా తీశారు. మొత్తం 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధుల వాటా 12 శాతం. పక్షవాతం ఒక్కటే ఇంచుమించు అంత మందిని తీసుకుపోయింది. ఇవి పోయినవాళ్ళ లెక్కలు. పక్షవాతం వచ్చి బతికి, ఆ తర్వాత మెల్లమెల్లగా తెలివి తగ్గిపోయినవాళ్ళు ఇందులో లేరు.

మెదడు లోతుల్లోకి వెళ్ళే రక్తనాళాలు వెంట్రుకంత సన్ననివి. డెల్టా రైతుకు ఇది చెప్పాలంటే శివారు ఆయకట్టును చూపిస్తే చాలు. కాలవలో ఎక్కడ పూడిక పడినా ముందు ఎండేది శివారు చేలే. ఏళ్ళ తరబడి అదుపులేని బీపీ, షుగర్, పొగ ఈ సన్న నాళాలను మందంగా, గట్టిగా చేసేస్తాయి. అప్పుడు లోపల చిన్న చిన్న చోట్ల రక్తం అందక కణాలు చచ్చిపోతాయి. చెయ్యీ కాలూ పడిపోకపోవచ్చు, మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. అలాంటివి పదీ ఇరవై పోగైతే ఆలోచన నెమ్మదిస్తుంది.

గుర్తుపట్టడంలో

చేయవలసినవి

- మతిమరుపు ఒక్కటే కాదు, పని తీరు కూడా గమనించండి. కౌలు లెక్కలు నోటిమీద తేల్చే రైతు ధాన్యం డబ్బు లెక్కపెట్టలేక మూడుసార్లు మొదటికి వస్తున్నాడా? ఏటా ఆవకాయ పెట్టే మామ్మగారు కారం ముందా, ఆవపిండి ముందా అని తడబడుతోందా? ఒక పనిని వరసగా చేయలేకపోవడం ఈ జబ్బుకు తొలి గుర్తుల్లో ఒకటి.
- నడకను చూడండి. అడుగులు చిన్నవై, కాళ్ళు ఈడ్చినట్టు నడవడం, మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తడం, దేనిమీదా ఆసక్తి లేక అరుగుమీద మౌనంగా కూర్చోవడం, ఇవన్నీ చెప్పుకోవలసిన లక్షణాలే.
- మార్పు ఎప్పుడు వచ్చిందో తేదీతో రాసి పెట్టండి. "ఉగాదికి బాగానే ఉన్నారు, ఆ తర్వాత ఒక్కసారి తగ్గారు, మళ్ళీ దసరాకి ఇంకో మెట్టు దిగారు" అన్న సమాచారం డాక్టరుకు ఎంతో పనికొస్తుంది.
- బి12, థైరాయిడ్ పరీక్షలు అడిగి చేయించండి. వాటి లోపం వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గవచ్చు.

చేయకూడనివి

- ఒక్కరోజులోనో రెండు రోజుల్లోనో వచ్చిన తికమకను "చూద్దాంలే" అని వదిలేయకండి. అది పక్షవాతం కావచ్చు, జ్వరం వల్ల కావచ్చు, వారాల కిందట జారిపడినప్పుడు తలలో చేరిన రక్తం వల్ల కావచ్చు.
- పెద్దవారిని నలుగురిలో "ఇది కూడా గుర్తులేదా" అని నిలదీయకండి. సిగ్గుపడి మరిన్ని లక్షణాలు దాచుకుంటారు.

బీపీ, షుగర్ మందుల్లో

పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, నలభై దాటిన వారికి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎంతో ఇంటి దగ్గరే లెక్కగట్టించారు. 2019లో వెలువడిన ఫలితం మనల్ని ఆలోచింపజేస్తుంది. ఆ సాయం అందిన ఊళ్ళలోనూ, మామూలు వైద్యమే ఉన్న ఊళ్ళలోనూ బీపీ అదుపు ఇంచుమించు ఒకేలా ఉంది. బీపీ ఉందని తెలియడం మొదటి మెట్టు మాత్రమే. బిళ్ళ రోజూ గొంతు దిగాలి.

దిగితే ఏమవుతుందో అమెరికాలో జరిగిన స్ప్రింట్ పరిశోధన చూపించింది. పై బీపీని 140 లోపు ఉంచినవారికన్నా 120 లోపు ఉంచినవారిలో డిమెన్షియాకు ముందు దశ అయిన స్వల్ప జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తక్కువగా కనిపించింది. అయితే మీ అంకె ఎంత ఉండాలో వయసును, ఇతర జబ్బులను చూసి డాక్టరే చెప్పాలి.

చేయవలసినవి

- ముప్పై దాటితే ఏడాదికి ఒకసారైనా బీపీ, షుగర్ చూపించుకోండి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, పీహెచ్‌సీలో ఉచితంగా చూస్తారు.
- చూపించుకునే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి కుదురుగా కూర్చోండి. టీ తాగి, చుట్ట కాల్చి అరగంట దాటాలి. అంకెను పుస్తకంలో రాయించుకోండి.
- నాడి లయ తప్పుతున్నట్టు ఉంటే ఈసీజీ తీయించుకోండి. గుండె లయ తప్పినప్పుడు రక్తం గడ్డకట్టి మెదడుకు చేరే ప్రమాదం ఉంది.
- వరదల కాలానికి ముందే లంక గ్రామాల వాళ్ళు నెలకు సరిపడా మందులు తెచ్చిపెట్టుకోండి. 1986 ఆగస్టులో, 2022 జూలైలో రేవులు ఎన్నాళ్ళు మూతపడ్డాయో మీకు తెలిసిందే.

చేయకూడనివి

- "బీపీ నార్మల్‌కి వచ్చేసింది" అని బిళ్ళ మానకండి. ఆ బిళ్ళ వల్లే నార్మల్‌కి వచ్చింది.
- నిన్న మరిచిన బిళ్ళను ఈరోజు కలిపి రెండు వేసుకోకండి. పక్కింటివారి మందు వాడకండి.
- కోతలప్పుడు, నాట్లప్పుడు ఒళ్ళు నొప్పులకని నెలల తరబడి నొప్పి బిళ్ళలు మింగకండి. చాలా రకాలు బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

వంటింట్లో, అలవాట్లలో

చేయవలసినవి

- రోజుకు మనిషికి 5 గ్రాముల ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక టీ చెంచా లోపే. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సర్వేలో సగటు వాడకం 9 గ్రాములు దాటింది. నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటున్నారో లెక్క చూసి కొంచెం కొంచెం తగ్గించండి.
- కాలవగట్టు మీద పొద్దున్నే అరగంట చురుగ్గా నడవండి.
- మనుషుల్లో ఉండండి. చదవండి, భజనకు వెళ్ళండి, మనవలతో మాట్లాడండి. పక్షవాతం వచ్చిన 608 మందిని నిమ్స్‌లో పరిశీలిస్తే, రెండో భాష కూడా వచ్చినవారిలో 40 శాతం మందికి తెలివితేటలు మామూలుగానే నిలిచాయి. ఒక్క భాషే వచ్చినవారిలో అది 20 శాతం లోపే. మెదడుకు పని పెట్టడం వృథా పోదని ఈ 2016 నాటి ఫలితం ఆశ కలిగిస్తోంది.
- చెవులు సరిగా వినపడకపోతే మిషన్ పెట్టించండి. వినికిడి తగ్గడం కూడా డిమెన్షియా ముప్పును పెంచుతుంది.

చేయకూడనివి

- ఆవకాయ, ఎండుచేప, ఊరమిరపకాయ, అప్పడం ఒకే పూట విస్తట్లోకి రానివ్వకండి. మజ్జిగలో మళ్ళీ ఉప్పు కలపకండి.
- కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా పొటాషియం కలిపిన ఉప్పు వాడకండి.
- చుట్ట, బీడీ, ఖైనీ ఏ రూపంలోనూ పొగాకు వద్దు. "రోజుకి ఒక్కటే కదా" అన్నది రక్తనాళాల దగ్గర చెల్లదు.

పక్షవాతం వచ్చిన గంటలో

చేయవలసినవి

- మూడు చూడండి: నవ్వమంటే మూతి వంకర పోతోందా, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి జారిపోతోందా, మాట ముద్దగా వస్తోందా. ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.
- మనిషి చివరిసారి బాగా ఉన్న సమయం గుర్తుపెట్టుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ సీటీ స్కాన్ తీశాకే. అందుకని స్కాన్ ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్ళండి.
- అయిదు నిమిషాల్లో అంతా సర్దుకున్నా ఆస్పత్రికి వెళ్ళండి. పెద్దది రావచ్చనడానికి అది హెచ్చరిక.

చేయకూడనివి

- ఆస్ప్రిన్ ఇవ్వకండి. లోపల గడ్డ ఉందో, నాళం చిట్లి రక్తం కారుతోందో స్కాన్ చూస్తేనే తెలుస్తుంది.
- నోట్లో నీళ్ళు, కాఫీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
- పసరు పోయించడానికో, ఊళ్ళో సెలైన్ పెట్టించడానికో ఒక్క గంట కూడా పోగొట్టుకోకండి. పోయిన గంట తిరిగి రాదు, దానితో పోయిన మెదడూ తిరిగి రాదు.

మతిమరుపు వచ్చిన పెద్దవారి భద్రతలో

చేయవలసినవి

- ఇంటి వెనక కాలవ, చేపల చెరువు ఉంటే అటు తలుపుకు గడియ పైన పెట్టండి. రేవు మెట్లకు కర్ర కంచె కట్టండి. దారి తప్పిన పెద్దవారికి మన డెల్టాలో మొదటి ప్రమాదం నీళ్ళదే.
- జేబులో పేరు, ఊరు, ఇద్దరి ఫోన్ నంబర్లు ఉన్న చీటీ ఉంచండి. టీకొట్టు, ఆటోస్టాండు, గుడి పూజారి, అందరికీ చెప్పి ఉంచండి.
- రాత్రిపూట మరుగుదొడ్డి దారిలో దీపం వెలగనివ్వండి. మాత్రలు ఇంట్లో ఒకరే దగ్గరుండి మింగించండి.
- చూసుకునే కోడలికో కూతురికో వారంలో ఒక పూటైనా విశ్రాంతి ఇవ్వండి. మిగతా తోబుట్టువులు వంతులు వేసుకోండి. సలహా కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

చేయకూడనివి

- 2027 గోదావరి పుష్కరాల రద్దీ ఘాట్లకు వారిని తీసుకెళ్ళకండి. 2015లో తొలిరోజు రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాట మరిచిపోదగినది కాదు. ఇంటి దగ్గరే గోదావరి నీళ్ళు తలమీద చల్లుకున్నా పుణ్యమే.
- తెలివి సరిగా లేని వేళ పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకోకండి, వేరెవరినీ వేయించుకోనివ్వకండి.
- నిద్ర బిళ్ళలు సొంతంగా ఇవ్వకండి. మగత వల్ల జారిపడతారు, తికమక ఇంకా పెరుగుతుంది.

రక్తనాళాలు దెబ్బతిని పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చే మందు ఇప్పటికైతే లేదు. పోకుండా కాపాడే మందు మాత్రం మీ ఊరి పీహెచ్‌సీలోనే ఉచితంగా దొరుకుతోంది. డెబ్బయ్యో ఏట మనవడి పేరు గుర్తుండాలంటే, నలభయ్యో ఏట బీపీ ఎంతో తెలిసి ఉండాలి. మీ ఇంట్లో ముప్పై దాటినవాళ్ళు ఎందరున్నారో చూసి, ఈ వారంలోనే అందరికీ బీపీ, షుగర్ చూపించండి.